ఒక సైజు పెద్దది

...నాలుగు వేళ్ళు వదిలి కత్తిరించడం తప్పెలా అవుతుంది? బట్ట తడిస్తే ముడుచుకుంటుంది. ఇల్లు మారితే కిటికీ మారుతుంది. పాత కర్టెన్‌ని దింపి, అంచు విప్పి, లోపల దాచిన ఆ నాలుగు వేళ్ళూ బయటికి తీసి పెద్ద కిటికీకి వేలాడదీసినప్పుడు ఇంటివాళ్ళు అతన్ని మెచ్చుకున్నారే గాని, ఎందుకు వదిలావని ఎవరూ అడగలేదు. తిట్లన్నీ తక్కువ కత్తిరించినవాడికే. చేతికి అలా అలవాటైపోయింది. టేపు చెప్పే అంకె ఒకటి, కత్తెర పడే చోటు ఇంకొకటి. ఆ రెంటికీ మధ్యనున్న ఖాళీని ఇంతకాలం అతను జాగ్రత్త అనుకున్నాడు. ఆ ఖాళీలోనే ఒక పిల్ల కాలి ఎముక చిట్లుతుందని ఎవరు మాత్రం...

"నువ్వు నోరు విప్పితే కదా నాకు తెలిసేది! వెళ్తావా, వెళ్ళవా?"

పక్క గదిలో భార్య గొంతు. అతని పాదం కుట్టుమిషను పెడలు మీద ఆగింది. నిజానికి అది చాలాసేపటి నుంచీ ఆగే ఉంది. సూది బట్టలో దిగి అక్కడే నిలబడిపోయింది.



"ఎందుకే దాన్నలా రాచి రంపాన పెడతావు?" అత్తగారి గొంతు. "దానికి చిట్లింది కాలు, నాలిక కాదు. అనాలనుకున్నప్పుడు అదే అంటుంది."

"సాయంత్రం ఆయన వచ్చి కింద నిలబడ్డాక అంటుందా?"

"అప్పుడూ అనకపోతే అప్పుడు కేకలెయ్యి. ఇప్పుడే గొంతు అరగదీసుకోవడం దేనికి?"

ఆయన అంటే పిల్ల కన్నతండ్రి. ఊరికి అవతలి కొసన ఉంటాడు. ఆసుపత్రి నుంచి పిల్లని ఇంటికి తెచ్చిన మర్నాడే ఫోన్ చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. మీది నాలుగో అంతస్తు, లిఫ్టు పనిచెయ్యదు, కట్టుతో ఎక్కీ దిగీ పిల్ల అవస్థ పడుతుంది, మా ఇల్లు కిందే, కట్టు విప్పేదాకా నా దగ్గర ఉంచుకుంటాను అన్నాడు. అందులో కాదనడానికేమీ లేదు. తర్వాత రెండోసారి ఫోన్ చేసినప్పుడు, మా వీధి చివర మంచి స్కూలుంది, మాట్లాడి పెట్టాను, వచ్చాక చూద్దాం అన్నాడు.

కట్టు విప్పేదాకా అన్న మాటకి ఎక్కడో ఒకచోట అంచు ఉంది. వచ్చాక చూద్దాం అన్న మాటకి అంచు లేదు. ఎంత పొడుగు కావాలంటే అంత పొడుగు సాగుతుంది. రెండు రోజులుగా ఆ మాట అతని బుర్రలో తానులోంచి జారిన బట్టలా దొర్లుతూనే ఉంది.

పిల్ల వెళ్తే తిరిగి రాదు. ఎవరూ పైకి అనకపోయినా ఈ ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు.

అతను మిషను చక్రం మీద చెయ్యి పెట్టి మళ్ళీ తీసేశాడు.

*

పిల్ల కిక్‌బాక్సింగ్‌కి కాళ్ళకి కట్టుకునే గార్డులు కొనడానికి వెళ్ళిన రోజు అతనికి ఒక విధంగా పండగే. ఆటసామాన్ల కొట్లో అడుగుపెట్టడం అదే మొదటిసారి. గోడ నిండా బంతులు, బ్యాట్లు, గాలి లేక మొహం వేలాడేసుకున్న ఈత ట్యూబులు.

"ఎవరికండీ?" అన్నాడు కొట్టాయన.

"మా..." ఒక్క క్షణం ఆగి, "మా అమ్మాయికి," అన్నాడు.

పెళ్ళైన మూడేళ్ళలో ఆ మాట బయటి మనిషితో అనడం అదే మొదలు. కొట్టాయన ఆశ్చర్యపోలేదు. నువ్వెక్కడి తండ్రివని అడగలేదు. నిచ్చెన జరుపుకుని పై అరలో వెతకడం మొదలుపెట్టాడు. ప్రపంచం ఇంత సులువుగా ఒప్పేసుకుంటుందని తెలిస్తే ముందే ఎక్కడో ఒకచోట అనేసి ఉండేవాడు.

"ఫుట్‌బాల్‌కైతే ఇవి చాలు, సాక్సులోకి దూర్చేస్తారు. కిక్‌బాక్సింగ్ అన్నారు కదా, దానికి వేరు." రెండు రకాలు బల్ల మీద పడేశాడు. ఒకటి మేజోడులాగే కాలికి తొడుక్కునేది, ముందువైపు పలచటి మెత్త. రెండోది దళసరి ఫోమ్, పైన తోలులాంటి తొడుగు, వెనక వెల్‌క్రో పట్టీలు, పాదం మీదికి దిగే ఒక నాలిక. "కొత్తగా నేర్చుకునేవాళ్ళకి మొదటిది చాలు. ఎదురూబొదురూ నిలబడి తన్నుకునే దశకొస్తే రెండోదే. ఇది తన కాలికోసమే అనుకోకండి సార్. సగం ఎదుటివాళ్ళ కోసం. ఎముక వెళ్ళి అవతలివాళ్ళ పక్కటెముకలకి తగలకూడదు కదా."

అతను బట్టని పట్టి చూసినట్టే ఫోమ్‌ని బొటనవేలితో నొక్కి చూశాడు. దిగింది, దిగి మెల్లగా పైకొచ్చింది. బాగుంది. ఎదుటివాళ్ళకి దెబ్బ తగలకుండా మనం తొడుక్కునేది. ఆ ఆలోచన అతనికి ఎందుకో చాలా నచ్చింది. తన స్వభావానికి ఎవరో పట్టీలు కుట్టి అమ్ముతున్నట్టనిపించింది.

"మోకాలి చిప్ప కింద నుంచి పాదం వంగే చోటుదాకా ఎంతుంది?"

చెప్పాడు. ఆ కొలత అతను పిల్ల కాలి మీద తీసుకోలేదు. బాల్కనీలో తీగ మీద ఆరేసిన ఆమె ట్రాక్ ప్యాంటు మీద తీసుకున్నాడు, ఎవరూ చూడకుండా, మోకాలి దగ్గర బట్ట ఉబ్బిన చోటు నుంచి. కాలు చాపమని అడిగే చనువు అతనికి లేదు. పిల్ల అతన్ని ఏమీ అని పిలవదు. అన్నానికి పిలవాల్సి వస్తే గుమ్మం దాకా వచ్చి, అతను తలెత్తేదాకా నిలబడి, "అమ్మ రమ్మంటోంది" అంటుంది. మోటుగా కాదు. పిలుపు ఉండాల్సిన చోట చిన్న ఖాళీ వదిలి, దాన్ని దాటుకుని మాట్లాడుతుంది.

"దీనికి మధ్య సైజు సరిపోతుంది."

"పెద్దది ఇవ్వండి."

కొట్టాయన నవ్వాడు. "పెరిగే పిల్ల అనా? అందరూ అలాగే అంటారు. ఇవి స్కూలు బట్టలు కావు సార్. కాలిని పట్టుకుని ఉండాలి. వదులైతే తన్నినప్పుడు పక్కకి తిరిగిపోతుంది."

"పెద్దదే ఇవ్వండి."

మధ్య సైజు ఏడాదికి బిగుతైపోతుంది. పెద్దది రెండేళ్ళో మూడేళ్ళో వస్తుంది. ఆ రెండు మూడేళ్ళూ పిల్ల ఈ ఇంట్లోనే ఉంటుందని ఎవరో మాటిచ్చినట్టు, ఆ పెట్టెని అతను చంకలో ఇరికించుకుని నడిచి వచ్చాడు.

పెట్టెని ఆమె కుర్చీలో పెట్టి వచ్చేశాడు. చాలా రోజులు ఆమె పాతవే వాడింది, కన్నతండ్రి ఎప్పుడో కొన్నవి, చీలమండ దాకా కూడా రానివి. తర్వాత ఒక సాయంత్రం ఆమె గది లోపలి నుంచి చర్రుమని వెల్‌క్రో విప్పిన చప్పుడు. మళ్ళీ బిగించి, మళ్ళీ చర్రుమని. అలా ఎన్నోసార్లు. బట్టల మూట పట్టుకుని అతను నడవాలో నిలబడిపోయాడు. సంబరపడుతోంది అనుకున్నాడు.

ఆ వారం నుంచే వాటి సంరక్షణ అతని పనైంది. ఎవరూ చెప్పలేదు. పిల్ల క్లాసు నుంచి వచ్చి సంచి గుమ్మం పక్కన పడేసి స్నానానికి పోయేది. అతను గార్డులు బయటికి తీసి, కాస్త వెనిగర్ కలిపిన నీళ్ళలో గుడ్డ ముంచి గట్టిగా పిండి లోపలా బయటా తుడిచేవాడు. నీళ్ళలో ముంచితే ఫోమ్ చివికిపోతుంది. ఎండలో పెడితే పై తొడుగు బిరుసెక్కి పగులుతుంది. కిటికీ దగ్గర, కర్టెన్ నీడలో, గాలి ఆడేట్టు వేలాడదీసేవాడు. వెల్‌క్రోలో ఇరుక్కున్న దారప్పోగుల్ని సూది మొనతో ఒక్కొక్కటీ లాగేవాడు. ఆరాక పట్టీల్ని వాటి మీదికే మడిచి అంటించి, సంచిలో పెట్టేవాడు.

కొన్నాళ్ళకి ఒక సంగతి గమనించాడు. పిల్ల సంచి జిప్పు మూయడం మానేసింది. గుమ్మం పక్కన సంచి నోరు తెరుచుకుని ఉంటోంది, అతని చేతికి వీలుగా. దాని గురించి వాళ్ళిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. రోజులో అతను ఎదురుచూసేది ఆ తెరిచిన జిప్పు కోసం.

*

ఆ మధ్యాహ్నం పిల్లకి కిక్‌బాక్సింగ్ నేర్పే కోచ్ వచ్చింది. ముక్కు ఒకప్పుడు విరిగి కొంచెం వంకరగా అతుక్కున్న మనిషి. నాలుగు అంతస్తులు ఎక్కి వచ్చినా ఊపిరి మామూలుగానే ఉంది.

"రా తల్లీ," అంది అత్తగారు. "దానికి ఇంకో కాలు మిగిలే ఉంది."

"అమ్మమ్మగారూ, ఈసారి మీకూ ఒక జత గార్డులు తెస్తానుండండి."

"నాకెందుకమ్మా? నా మోకాళ్ళు నన్నే తంతున్నాయి. వాటికి ఎటువైపు కట్టుకోను?"

లోపల పిల్ల నవ్విన చప్పుడు. వారం తర్వాత. "కోచక్కా, వచ్చావా!" ఎంత సులువుగా వచ్చేసింది ఆ పిలుపు. అతను కత్తెర అటు నుంచి ఇటు పెట్టాడు.

తలుపు వెనక చాలాసేపు గుసగుసలు నడిచాయి. తర్వాత కోచ్ బయటికి వచ్చి, అతని బల్ల మీద ఒక సంచి పెట్టింది. లోపల గార్డులు. దెబ్బ తగిలిన రోజు ఆసుపత్రి హడావిడిలో కోచ్ దగ్గరే ఉండిపోయినవి.

"వీటిని పారెయ్యకండి. మంచివే. ఫోమ్ ఎక్కడా చెదరలేదు. ఎవరు చూసుకుంటున్నారో గాని, మా దగ్గర ఇంత శుభ్రంగా ఏ పిల్లవీ ఉండవు. మిగతావాళ్ళ సంచులు విప్పితే కంపుకి జిమ్ము ఖాళీ అయిపోతుంది."

అతను నవ్వబోయి ఆగాడు.

"సైజే తప్పు," అంది కోచ్, గొంతు తగ్గించి.

"తెలుసు."

"మీకు తెలుసా?"

"ఆసుపత్రిలో నర్సు విప్పుతుంటే చూశాను. గార్డు పిక్క మీదికి వచ్చేసి ఉంది."

కోచ్ బల్ల అంచున కూర్చుంది. "మొదటిరోజు నుంచే తెలుసు దానికి. ఇంట్లో ఎన్నోసార్లు కట్టి విప్పి చూసిందట, ఎంత బిగించినా తిరుగుతోందట. కింద రెండు జతల సాక్సులు తొడిగి, పైన గుడ్డపట్టీ చుట్టేది. మార్పించుకోమన్నాను. ఇంట్లో చెప్పు అంటే, చెప్పను అంది. నేనే ఫోన్ చేస్తానంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సరే, మామూలు సాధనే కదా అని ఊరుకున్నాను. ఆ రోజు ఎదురుగా వచ్చింది పొడుగు పిల్ల. మనది తన్నింది, ఆ పిల్ల మోకాలు లేపి అడ్డుకుంది. ఎముక మీద ఎముక. నేను వాటిని వేసుకోనివ్వకుండా ఉండాల్సింది. అది నా తప్పు."

అయితే ఆ చప్పుడు సంబరం కాదు. నడవాలో మూట పట్టుకుని అతను మురిసిపోయిన చప్పుడు. గది లోపల పిల్ల ఒంటరిగా కూర్చుని, అతను తెచ్చిన దాన్ని ఎలాగైనా తనకి సరిపెట్టుకోవాలని... అతని చేతులు బల్ల మీద బట్టని చదును చేస్తూనే ఉన్నాయి. చదునుగా ఉన్నదాన్నే మళ్ళీ మళ్ళీ.

"నాతో పట్టీ పెట్టుకోవడం మర్చిపోయానంది కదా," అన్న గొంతు వినిపించి ఇద్దరూ తలతిప్పారు.

వంటింటి గుమ్మంలో భార్య నిలబడి ఉంది, చేతిలో తడిగ్లాసుతో.

కోచ్ లేచింది. "వస్తానండీ. మిడతకి చెప్పాను, ఎక్కడున్నా చేతుల కసరత్తు మాత్రం మానొద్దని." ఆమె పిల్లని మిడత అంటుంది. ఎక్కడున్నా అన్న మాట తలుపు మూసుకున్న తర్వాత కూడా గదిలోనే ఉండిపోయింది.

*

"మీకు తెలుసు," అంది భార్య.

"ఊఁ."

"వారం నుంచి నేను దాన్ని, ఒళ్ళు తెలియని దానివి, పట్టీ కూడా పెట్టుకోలేవా అని తిడుతున్నాను. మీరిక్కడే కూర్చుని మిషను తొక్కుతున్నారు."

"చెబుదామనే..."

"ఎప్పుడు? దానికి పెళ్ళయ్యాకా?"

 ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది. తడి గుండ్రంగా బట్టకి అంటుకుంది. ఇంకో రోజైతే ఇద్దరూ ఒకేసారి గ్లాసు తీసేవాళ్ళు.

"మీకోసం అబద్ధమాడింది అది." కోపంగా మొదలైన మాట చివరికి వచ్చేసరికి వేరేలా అయిపోయింది. "తొమ్మిది నెలలు మోశాను. నాకోసం ఒక్క అబద్ధం ఆడలేదు ఇంతవరకూ."

"నువ్వు తిడతావని భయపడి ఉంటుంది."

"నన్ను తిట్టనివ్వలేదు మిమ్మల్ని. అదీ సంగతి." ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. మందుల షాపు కౌంటరు దగ్గర రోజంతా నిలబడి వచ్చే మనిషి, కూర్చోగానే ముందు చెప్పుల్లోంచి మడమలు బయటికి తీస్తుంది. ఇవాళ తియ్యలేదు. "చెప్పండి. పంపనా, వద్దా?"

"నీ ఇష్టం."

"ఇదిగో. ఈ మాటే."

"నీ కూతురు. వాళ్ళ నాన్న అడుగుతున్నాడు. మధ్యలో నేను..."

"మధ్యలో మీరెవరు? అదేగా? మూడేళ్ళుగా ఈ ఇంట్లో అంతా నా ఇష్టమే. కూర నా ఇష్టం, రంగు నా ఇష్టం, దాని చదువు నా ఇష్టం. అద్దెకున్నవాడు కూడా గోడకి మేకు కొట్టుకోవచ్చా అని అడుగుతాడండీ. మీకు మేకు కొట్టాలనే అనిపించదు."

"అనిపించదని ఎవరన్నారు?"

ఆ మాట అతను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. ఆమె ఒక్కసారి తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఆకలి ఉంది. ఇంకొక్క మాట అనండి అన్నట్టు, దోసిలి పట్టినట్టు.

అతనికి చెప్పాలనే ఉంది. కొట్లో మా అమ్మాయికి అన్నానని, పెట్టె చంకలో పెట్టుకుని అవసరం లేని రెండు వీధులు కూడా తిరిగి వచ్చానని, తెరిచిన జిప్పు సంగతి. వద్దంటే ఆ వద్దుకి హక్కేమిటని ఎవరైనా అడుగుతారేమోనని భయమని. అడిగినా ఫరవాలేదు. కాని ఆ పిల్లే అడిగితే? ఆ ఒక్క ప్రశ్న పడకుండా మూడేళ్ళు తప్పుకుని తిరిగాడు. ఎవరికీ తగలకుండా, ఎవరూ తగలకుండా.

"వాళ్ళింట్లో మెట్లు లేవు," అన్నాడు చివరికి. "దానికి సుఖంగా ఉంటుంది."

ఆమె దోసిలి మూసుకుంది.

"సరే," అంది.

గది లోంచి అత్తగారు అరిచింది. "పోట్లాడుకుంటే గట్టిగా పోట్లాడుకోండి, లేకపోతే మానెయ్యండి. సగం సగం వినలేక చస్తున్నాను."

ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. బల్ల మీది బట్ట మీద తడి గుండ్రం మెల్లగా వెడల్పవుతోంది.

*

ఎండ వాలాక ఫోన్ మోగింది. భార్య స్పీకరు పెట్టింది, తన చేతులతో పిల్ల బట్టలు సంచిలో సర్దుతూ.

"కింద ఉన్నాను," అన్నాడు పిల్ల తండ్రి. వెనక హారన్ల మోత. "బండికి చోటు లేదు, అడ్డంగా పెట్టాను. దిగితే వీళ్ళు నన్ను కొట్టేట్టున్నారు. దాన్ని కొంచెం కిందికి దింపిస్తారా?"

ఫోన్ ఆగిపోయింది. దింపిస్తారా అంటే దింపాల్సింది ఎవరో ముగ్గురికీ తెలుసు.

"మోసేవాడు ఒకడు, మోటారులో కూర్చునేవాడు ఇంకొకడు," అని గొణిగింది అత్తగారు, మనవరాలి జడ విప్పి మళ్ళీ అల్లుతూ. మూడోసారి అల్లుతోంది.

భార్య సంచి భుజాన వేసుకుంది. గుమ్మం దగ్గర ఆగింది. "నేను కిందికి వెళ్ళి ఆయనతో మాట్లాడుతుంటాను. మీరు తీసుకురండి." రెండు మెట్లు దిగి మళ్ళీ అంది. "మెల్లగా తీసుకురండి."

అతను వెళ్ళి పిల్ల మంచం ముందు నిలబడ్డాడు. వెనక ఒక చెయ్యి, మోకాళ్ళ కింద ఒక చెయ్యి. ఎలా ఎత్తాలో తెలియక ఒక్క క్షణం ఇద్దరూ నాట్యం మర్చిపోయిన జంటలా తడబడ్డారు. తర్వాత లేపాడు. ఎంతో బరువనుకున్నాడు, అంత లేదు. కట్టు చల్లగా అతని మోచేతికి తగిలింది. పిల్ల చెయ్యి అతని మెడ చుట్టూ వెయ్యాలా వద్దా అని గాల్లో ఆగి, చివరికి చొక్కా కాలరు పట్టుకుంది.

మూడేళ్ళలో ఈ పిల్ల ఇంత దగ్గరికి రావడం ఇదే. అది కూడా ఇంకొకరి బండిలో పెట్టడానికి.

మెట్లు ఒక్కొక్కటే దిగాడు. గోడకి కట్టు తగలకుండా పక్కకి తిరిగి, ముందు పాదంతో మెట్టు అంచు వెతుక్కుంటూ. ఏ ఇంట్లోనో నీళ్ళు పడుతున్నాయి. ఏ ఇంట్లోనో టీవీలో జనం నవ్వుతున్నారు. సగం దూరం వచ్చాడు. మలుపు దగ్గర, చిన్న కిటికీ కింద, పిల్లని మెట్టు మీద జాగ్రత్తగా దించి, కట్టున్న కాలు ముందుకి చాపి పెట్టి, నిటారుగా నిలబడి ఊపిరి పీల్చుకున్నాడు.

"ఆయాసమా?" అంది పిల్ల.

"అబ్బే. కొంచెం."

"నేను బరువే. కోచక్క ఈసారి పై బరువు తరగతిలో దింపుతానంది."

"ఎముక అతుక్కోవాలి ముందు."

"అతుక్కుంటుంది." కట్టు మీద వేలితో గీతలు గీస్తోంది. "కోచక్క మీతో చెప్పేసింది కదా."

"చెప్పింది." అతను గోడకేసి చూశాడు. "నాతో ఎందుకు చెప్పలేదు? వెళ్ళి మార్చుకొచ్చేవాణ్ణి."

"మార్చేవారు కాదు. దాచేసేవారు."

"నేనా?"

"అమ్మకి చెప్పులు తెచ్చారు ఒకసారి. బిగుతుగా ఉన్నాయంది. అంతే, మళ్ళీ ఎప్పుడూ ఏమీ తేలేదు. ఆ చెప్పులు మాత్రం మీ మిషను కింద పెట్టెలో ఉన్నాయి."

 ఆ పెట్టె సంగతి తనకే సరిగ్గా గుర్తు లేదు. ఈ పిల్ల ఇంట్లో ఎక్కడెక్కడ ఏం చూస్తూ తిరిగింది? తాను తలుపుల పక్కన నిలబడి ఆమెని వింటున్నన్నాళ్ళూ, ఆమె కూడా తన వైపు నుంచి...

"వదులైనా ఫరవాలేదనుకున్నాను," అంది పిల్ల. "ఇంకో ఏడాదైతే నేనే సరిపోతాను కదా వాటికి."

కిటికీ లోంచి హారన్ వినిపించింది. రెండుసార్లు, మర్యాదగా.

"నాన్న వాళ్ళింట్లో మెట్లు లేవుట."

"ఊఁ."

"స్కూలు కూడా దగ్గరేనట."

"ఊఁ."

"మీరేమంటారు?"

అతని నాలిక మీద మాట తయారుగా ఉంది. ఏళ్ళ తరబడి వాడి వాడి నున్నబడిన మాట. పెదవులు కదిలాయి కూడా.

"నీ ఇష్టం అనకండి," అంది పిల్ల. "అది అమ్మకి."

అతనికి నవ్వొచ్చింది. చెప్పదగ్గ మాట కోసం వెతికాడు. వెళ్ళకు అంటే ఆజ్ఞలా ఉంటుంది. ఉండిపో అంటే బతిమాలినట్టుంటుంది. నువ్వుంటే బాగుంటుంది అంటే చుట్టంతో అన్నట్టుంటుంది. ప్రతి మాటా ఎక్కడో వదులు, ఎక్కడో బిగుతు. అతనికి తెలిసిన మాటల్లో ఈ పిల్ల కొలతకి కుట్టింది ఒక్కటీ లేదు.

"ఏమండీ!" కింద నుంచి మెట్ల గుండా భార్య గొంతు పైకి వచ్చింది. "ఎక్కడున్నారు? వస్తున్నారా?"

హారన్ మళ్ళీ మోగింది. ఈసారి మర్యాద తగ్గింది.

పిల్ల చేతులు ఒళ్ళో నుంచి కొంచెం పైకి లేచాయి, అతను ఎత్తుకోవడానికి వీలుగా. పూర్తిగా లేవలేదు. అక్కడే ఆగి ఉన్నాయి. కళ్ళు మాత్రం అతని మొహం మీద ఉన్నాయి.

వంగాలి. వెనక ఒక చెయ్యి, మోకాళ్ళ కింద ఒక చెయ్యి. మిగిలిన మెట్లు ఎక్కువ లేవు. వంగడానికి అతని నడుము సిద్ధపడింది కూడా.

"ఏమండీ!"

అతను ఆమె కట్టుకాలికి తగలకుండా ఒక అడుగు చుట్టి వచ్చి, పిల్ల పక్కన, అదే మెట్టు మీద, భుజానికి భుజం తగిలేంత ఇరుకులో కూర్చున్నాడు.